పాత ఇంజిన్‌కు ఏ ఆయిల్ పోయాలి?

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారుకు ఆయిల్ మార్చే వేళ వచ్చిందంటే ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: "ఇంజిన్ పాతబడింది కదా, ఇక చిక్కటి ఆయిల్ పోయండి." ఈ మాటలో కొంత అనుభవం ఉంది, కొంత పొరపాటూ ఉంది. భాగాలు అరిగి వాటి మధ్య సందులు పెరిగాయి కాబట్టి చిక్కటి ఆయిల్ ఆ సందులను పూడుస్తుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. కొన్ని ఇంజిన్ల విషయంలో అది నిజమే. చాలా ఇంజిన్లలో మాత్రం అసలు లోపం మరో చోట ఉంటుంది. చిక్కటి ఆయిల్ ఆ లోపాన్ని నయం చేయదు. కొన్నాళ్లు కనబడకుండా చేస్తుంది, ఆ కొన్నాళ్లలో అది ముదురుతుంది. అందుకే పాత ఇంజిన్‌కు ఆయిల్ ఎంచుకోవడం డబ్బా మీది అంకెలతో మొదలు కాకూడదు, ఇంజిన్‌ను పరీక్షించడంతో మొదలు కావాలి.

ముందుగా "పాత" అన్న మాటనే విడదీసి చూడాలి. 1970లలో తయారై, అపురూపంగా దాచుకున్నందువల్ల పెద్దగా అరగని ఇంజిన్ ఒక రకం పాతది. 2010 ప్రాంతంలో తయారై రెండున్నర లక్షల కిలోమీటర్లు పరుగెత్తిన ఇంజిన్ ఇంకో రకం పాతది. మొదటిదాని రూపకల్పన పాతది, రెండోదాని శరీరం పాతది. రెండింటికీ ఒకే ఆయిల్ సూచించడం తాతకూ, గాయపడిన యువకుడికీ ఒకే మందు రాసినట్టు ఉంటుంది.

ఓడోమీటర్ చూపించే అంకె కూడా సగం కథే చెబుతుంది. రోజూ వంద కిలోమీటర్లు నిలకడగా నడిచిన ఇంజిన్‌లో ఆయిల్ బాగా వేడెక్కుతుంది, అందులో చేరిన నీటి ఆవిరి, పెట్రోలు ఎప్పటికప్పుడు ఆవిరైపోతాయి. రోజుకు నాలుగుసార్లు రెండేసి కిలోమీటర్లు తిరిగే ఇంజిన్‌లో ఆ వేడి రాదు. తేమ, మండని ఇంధనం, ఆమ్లాలు ఆయిల్‌లోనే మిగిలి మడ్డిగా మారతాయి. ఎనభై వేలు తిరిగిన రెండో ఇంజిన్ లోపలి స్థితి రెండు లక్షలు తిరిగిన మొదటి ఇంజిన్ కంటే అధ్వానంగా ఉండవచ్చు.

ఇక డబ్బా మీది అంకెల సంగతి. అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లో ఆయిళ్లను చిక్కదనం ప్రకారం వర్గీకరించడం మొదలుపెట్టింది. నేటి 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 వంటి గ్రేడులు ఆ పద్ధతికి కొనసాగింపు. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 దగ్గర పరీక్షించి, ఆ చలిలో ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనంత పల్చగా ఉందో లేదో చూస్తారు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనానికి సంబంధించినది. ఇవి రెండు వేర్వేరు పరీక్షల ఫలితాలు. అందువల్ల 5డబ్ల్యూ-30 ఆయిల్ చలిలో పల్చగా ఉండి వేడెక్కితే చిక్కబడుతుందన్న నమ్మకం తప్పు. ఏ ఆయిల్ అయినా వేడెక్కే కొద్దీ పల్చబడుతుంది. 100 డిగ్రీల దగ్గర పది, పదకొండు సెంటీస్టోక్‌లు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఉండే 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర అరవై దాకా ఉంటుంది, సున్నా దగ్గర వందల్లోకి వెళ్తుంది. గడ్డకట్టే చలి ఎరగని చోట మొదటి అంకెకు ప్రాముఖ్యం తగ్గుతుంది కానీ, పూర్తిగా పోదు. ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఇంజిన్ పై భాగంలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ ఎంత త్వరగా చేరుతుందన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది.

రెండో అంకెలో చాలామంది గమనించని వెసులుబాటు ఒకటి ఉంది. 30 గ్రేడ్ అనిపించుకోవాలంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు ఎక్కడైనా ఉండవచ్చు. 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 లోపు. అంటే 9.5 ఉన్న ఆయిల్, 12.2 ఉన్న ఆయిల్ రెండూ 30 గ్రేడ్‌లోకే వస్తాయి, ఆ రెండింటి మధ్య తేడా పావు వంతు కంటే ఎక్కువ. కాస్త చిక్కదనం కావాలనుకుంటే గ్రేడ్ దాటకుండానే దాన్ని తెచ్చుకోవచ్చన్న మాట. తయారీదారు ప్రచురించే సాంకేతిక వివరాల పత్రంలో ఈ అంకె ఉంటుంది. రెండు నిమిషాలు వెచ్చించి చూసుకుంటే డబ్బా మీది రంగురంగుల మాటలన్నింటి కంటే ఎక్కువ తెలుస్తుంది.

అదే పత్రంలో చూడవలసిన మరో అంకె ఉంది. బేరింగుల్లో, పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ పల్చటి పొరగా మారి తీవ్రమైన వేడికి, రాపిడికి లోనవుతుంది. ఆ స్థితిని అనుకరిస్తూ 150 డిగ్రీల దగ్గర కొలిచే చిక్కదనం ఇది. 20 గ్రేడ్‌కు కనీసం 2.6, 30 గ్రేడ్‌కు 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు (ఈ పరీక్షలో చిక్కదనానికి వాడే ప్రమాణం) ఉండాలి. 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40లకు 3.5, 15డబ్ల్యూ-40కి, 50 గ్రేడ్‌కు 3.7 కనీస హద్దు. యూరప్ కార్ల తయారీదారుల ప్రమాణాల్లో ఏ3/బీ4 అనే వర్గం ఉంది. ఆ వర్గానికి చెందిన ఆయిల్ 30 గ్రేడ్‌దే అయినా ఈ పరీక్షలో 3.5కు తగ్గకూడదు. అంటే బేరింగుల దగ్గర అది 40 గ్రేడ్‌తో సమానమైన రక్షణ ఇస్తుంది. యజమాని మాన్యువల్ ఆ వర్గాన్ని అనుమతిస్తే, బాగా తిరిగిన పెట్రోలు ఇంజిన్‌కు ఇంతకంటే తెలివైన ఎంపిక తక్కువ.

చిక్కదనం గురించి ఇంత చెప్పడానికి కారణం, అసలు అపోహ ఇక్కడే ఉండటం. చిక్కటి ఆయిల్ పోయగానే ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది. యజమానికి ఊరట కలుగుతుంది. కానీ ఆ ముల్లు చెప్పేది ఆయిల్‌ను ముందుకు తోయడం ఎంత కష్టంగా ఉందన్నది మాత్రమే. పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్ అయిన క్రాంక్‌షాఫ్ట్‌ను బేరింగ్‌కు తగలకుండా పైకెత్తి పట్టుకునేది పంపు ప్రెషర్ కాదు. తిరిగే షాఫ్ట్ తనతోపాటు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోయినప్పుడు అక్కడ పుట్టే ఒత్తిడి ఆ పని చేస్తుంది. బ్రిటిష్ ఇంజినీరు ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లోనే దీనికి గణిత సూత్రం ఇచ్చాడు. పంపు పని ఆ సందుకు తగినంత ఆయిల్ అందించడం, ఆ ప్రవాహంతో వేడిని మోసుకుపోవడం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మరీ చిక్కగా ఉంటే ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఆయిల్‌లో కొంత భాగం బేరింగుల దాకా వెళ్లకుండానే వెనక్కు మళ్లుతుంది. మీటర్ ముల్లు నిండుగా కనిపిస్తున్న ఆ సమయంలోనే కామ్‌షాఫ్ట్ ఆయిల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అలాగని చిక్కటి ఆయిల్ ఎప్పుడూ తప్పే అనడం కూడా సరికాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో, అంటే బండి నిలిచి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ప్రెషర్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీస హద్దు కంటే తగ్గుతోందనుకోండి. డాష్‌బోర్డు లైటును నమ్మకుండా మెకానికల్ గేజ్ తగిలించి కొలిచినా అదే ఫలితం వచ్చిందనుకోండి. అప్పుడు బేరింగుల్లో సందు నిజంగానే పెరిగి ఉండవచ్చు. ఒక మెట్టు పైకి, అంటే 30 నుంచి 40కి వెళ్లడం ఇక్కడ సమంజసం. ఎండలో, బరువుతో, ఎత్తైన దారుల్లో నిత్యం నడిచే బండికీ ఇది వర్తిస్తుంది. గేజ్ పెట్టి కొలవాలని పట్టుబట్టడానికి కారణం, ప్రెషర్ సెన్సర్లు తరచూ పాడై తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి. సెన్సర్ మారిస్తే పోయే సమస్యకు ఆయిల్ గ్రేడ్ మార్చడం ఎందుకు?

2000 తరువాత వచ్చిన ఇంజిన్లలో చాలావాటికి మరో చిక్కు ఉంది. వాల్వులు తెరుచుకునే వేళను మార్చే యంత్రాంగం, వాల్వ్ సందును సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. సన్నని దారులు, చిన్నచిన్న జల్లెడల గుండా ఆయిల్ పారాలి. 5డబ్ల్యూ-20 కోసం రూపొందించిన ఇలాంటి ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఆ యంత్రాంగం ఆలస్యంగా స్పందిస్తుంది, ఇంజిన్ లైటు వెలగవచ్చు, మైలేజీ తగ్గుతుంది. రెండు మూడు మెట్లు దూకడం దాదాపు ఎప్పుడూ పొరపాటే.

రూపకల్పనలోనే పాతవైన ఇంజిన్లకు వేరే అవసరం ఉంది. వాటిలో కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగాలైన లోబులు, వాల్వులను నెట్టే చదునైన అడుగున్న ట్యాపెట్ల మీద నేరుగా రాసుకుంటూ తిరుగుతాయి. ఆ చిన్న స్పర్శ స్థలంలో ఒత్తిడి చాలా ఎక్కువ, అక్కడ ఆయిల్ పొర ఒక్కటే సరిపోదు. 1940ల నుంచి ఇంజిన్ ఆయిళ్లలో వాడుతున్న జింకు, ఫాస్ఫరస్‌ల సంయోగ పదార్థం ఒకటి, జెడ్‌డీడీపీ, లోహం మీద రక్షణ పొరను కడుతుంది. అయితే అందులోని ఫాస్ఫరస్ పొగగొట్టంలో విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. అందుకే కొత్త ప్రమాణాలు దాన్ని కుదించాయి. 5డబ్ల్యూ-30 వంటి ఇంధనం ఆదా చేసే గ్రేడుల్లో ఫాస్ఫరస్ నేడు 0.06 నుంచి 0.08 శాతం మధ్యే ఉండాలి. 40, 50 గ్రేడులకు ఆ పై హద్దు వర్తించదు. కాబట్టి కన్వర్టర్ లేని, చదునైన ట్యాపెట్లున్న పాత ఇంజిన్‌కు తగినంత జింకు ఉన్న 15డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50 ఆయిల్ సరిగ్గా సరిపోతుంది. చిన్న చక్రం మీద దొర్లే రోలర్ ట్యాపెట్లున్న ఇంజిన్ యజమానులు జింకు గురించి దిగులు పడనక్కర్లేదు.

అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ, ఆయిల్ నాణ్యతను బట్టి ఇచ్చే వర్గాల అక్షరాలూ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. కొత్త వర్గం పాతవాటి అవసరాలను కూడా తీరుస్తుంది. ఇంజిన్ పాతదని పాత వర్గం ఆయిల్ వెతకడం పొరపాటు. ఎస్‌ఎఫ్ అన్న అక్షరాలున్న ఆయిల్ 1988 తరువాతి ఇంజిన్లకు తగదని ఏపీఐ స్పష్టంగా చెబుతుంది. ఎస్‌ఏ వర్గంలోనైతే రక్షణ పదార్థాలేవీ ఉండవు, 1930 తరువాత తయారైన ఇంజిన్లలో చాలావాటికి అది పనికిరాదు. చవకగా దొరికే డబ్బాల వెనుక సన్నని అక్షరాల్లో ఇవి ఇప్పటికీ కనిపిస్తుంటాయి, చదివి కొనాలి.

పాత ఇంజిన్ యజమానిని ఎక్కువగా బాధించేది ఆయిల్ తాగే ఇంజిన్. ఆయిల్ ఎటు పోతోందో తెలుసుకోకుండా ఏ ఆయిల్ పోసినా అది చీకట్లో రాయి వేయడమే. పొగను గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. రాత్రంతా ఆగి ఉన్న బండి ఉదయం స్టార్ట్ కాగానే నీలి పొగ వదిలి కొద్ది క్షణాల్లో ఆపేస్తే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. పల్లంలో గేరులోనే దిగి, కింద యాక్సిలరేటర్ తొక్కగానే పొగ వచ్చినా వాల్వ్ సీళ్లనో, వాల్వులు కదిలే గైడ్‌లనో అనుమానించాలి. బరువుతో ఎక్కేటప్పుడు ఆగకుండా నీలి పొగ వస్తుంటే రింగులు. పొగ లేకుండా మట్టం తగ్గుతుంటే ముందు కారుడు కోసం వెతకాలి. ఆయిల్ మూత లోపలి వైపు, మట్టం చూసే కడ్డీ డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు నురుగు కనిపించి, రేడియేటర్ నీరు కూడా తగ్గుతుంటే సిలిండర్లకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆ స్థితిలో ఆయిల్ ఎంపిక గురించిన చర్చ పక్కన పెట్టి బండి ఆపాలి.

వీటన్నింటి కంటే ముందు చూడవలసిన చిన్న భాగం ఒకటుంది, దాదాపు ఎవరూ చూడరు. పిస్టన్లను దాటి కింది గదిలోకి జారే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ అది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల గుండా బయటకు ఉబుకుతుంది. తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుపోతే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పీల్చుకుపోయి కాలిపోతుంది. చవకైన భాగం, చాలా ఇంజిన్లలో మార్చడం కూడా తేలిక. రింగులు పోయాయని ఇంజిన్ విప్పే ముందు దీన్ని మార్చి చూడకపోవడం యజమానికి జరిగే అన్యాయం.

రింగుల విషయంలోనూ అన్నిసార్లూ అరుగుదలే కారణం కాదు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపే రింగు వెనుక, పిస్టన్‌లో సన్నని రంధ్రాలుంటాయి. ఆయిల్ మార్పులు ఆలస్యమైన ఇంజిన్‌లో అవి బొగ్గుతో మూసుకుపోతాయి, రింగు తన గాడిలోనే బిగుసుకుపోతుంది. చిక్కటి ఆయిల్ ఇక్కడ ఏమీ చేయలేదు. శుభ్రపరిచే గుణం బాగా ఉన్న ఆయిల్‌ను తక్కువ వ్యవధుల్లో మార్చుతూ పోతే కొన్ని ఇంజిన్లలో రింగులు మళ్లీ కదులుతాయి.

ఆయిల్ కాలిపోవడమే కాదు, వేడికి ఆవిరై కూడా పోతుంది. 250 డిగ్రీల దగ్గర ఒక గంటపాటు వేడిచేసి ఎంత బరువు తగ్గిందో కొలిచే నోవాక్ పరీక్షలో నేటి పెట్రోలు ఇంజిన్ ఆయిల్ 15 శాతానికి మించి కోల్పోకూడదు. మంచి సింథటిక్ (రసాయన ప్రక్రియలతో తయారుచేసిన) ఆయిళ్లు పది శాతం లోపే ఉంటాయి. ఆయిల్ తాగే ఇంజిన్‌కు గ్రేడ్ పెంచే ముందు, అదే గ్రేడ్‌లో ఈ అంకె తక్కువగా ఉన్న ఆయిల్‌ను ప్రయత్నించడం మేలు.

"ఎక్కువ మైలేజీ ఇంజిన్ల కోసం" అని రాసి ఉన్న ఆయిళ్లు నిజంగా వేరా? వేరే. 2000లో వాల్వొలీన్ సంస్థ మ్యాక్స్‌లైఫ్ పేరుతో, 75,000 మైళ్లు, అంటే దాదాపు 1,20,000 కిలోమీటర్లు దాటిన ఇంజిన్ల కోసం ఒక ఆయిల్ తెచ్చింది. తరువాత ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. వీటిలో సాధారణంగా శుభ్రపరిచే పదార్థాలు, అరుగుదలను ఆపే పదార్థాలు కొంచెం ఎక్కువగా ఉంటాయి, చిక్కదనం గ్రేడ్ పై అంచుకు దగ్గరగా ఉంటుంది. అసలు తేడా సీళ్ల కోసం కలిపే పదార్థాలది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు తన మెత్తదనాన్ని కోల్పోయి, కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఎస్టర్ల వంటి పదార్థాలు రబ్బరులోకి ఇంకి దాన్ని కొద్దిగా ఉబ్బించి మళ్లీ మెత్తబరుస్తాయి. దీనికి సమయం పడుతుంది, పోసిన మర్నాడు ఫలితం చూడకూడదు. చెమ్మగిల్లే సీలుకు ఇది పనిచేస్తుంది, చిరిగిన సీలుకు పనిచేయదు. అయితే "ఎక్కువ మైలేజీ" అన్న ముద్రకు ఏపీఐలో ప్రత్యేక వర్గమేదీ లేదు. ఆ మాట కంటే దాని పక్కన ఉన్న ఎస్‌పీ వంటి అక్షరాలకే విలువ ఎక్కువ. కారుడు గానీ, ఆయిల్ తాగడం గానీ లేని పాత ఇంజిన్ మామూలు ఆయిల్‌తోనే హాయిగా నడుస్తుంది.

సింథటిక్ ఆయిల్ పోస్తే పాత ఇంజిన్ కారడం మొదలవుతుందన్న భయానికి చరిత్ర ఉంది. 1970లలో వచ్చిన తొలి సింథటిక్ ఆయిళ్ల మూలపదార్థం కొన్ని రకాల సీళ్లను కుంచింపజేసేది. నేటి ఆయిళ్లలో ఆ గుణాన్ని సరిచేసే పదార్థాలు కలుపుతున్నారు. ఇప్పటికీ అరుదుగా కారుడు కనిపిస్తే, అప్పటిదాకా మడ్డి మూసిపెట్టిన పగులును శుభ్రపరిచే ఆయిల్ బయటపెట్టిందని అర్థం. మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసిన) ఆయిల్ నుంచి సింథటిక్‌కు, తిరిగి మినరల్‌కు మారడంలో ప్రమాదమేమీ లేదు.

లోపల మడ్డి పేరుకున్న ఇంజిన్‌తో మాత్రం నిదానం అవసరం. ఘాటైన ఫ్లషింగ్ ద్రావణం పోసి ఒక్కసారిగా కడిగితే పెళ్లలుగా ఊడిన మడ్డి ఆయిల్ పంపు నోటి దగ్గరి జల్లెడకు అడ్డం పడవచ్చు. పంపుకు ఆయిల్ అందకపోతే బేరింగులు నిమిషాల్లో పోతాయి. మాన్యువల్ గ్రేడ్‌లోనే మంచి ఆయిల్ పోసి, ప్రతి నాలుగైదు వేల కిలోమీటర్లకు ఆయిల్‌తోపాటు ఫిల్టర్ కూడా మార్చుతూ మెల్లగా కరగనివ్వడం క్షేమం. ఆయిల్ త్వరగా నల్లబడితే కంగారు పడనక్కర్లేదు, మురికిని తనలో కలుపుకుంటోందని దాని అర్థం.

డీజిల్ ఇంజిన్లకు నిర్ణయించే ప్రశ్న ఒకటే: పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉందా? ఉంటే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ తప్పనిసరి. లేకుంటే ఎంపిక విశాలం. క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే మోటారు సైకిళ్లకు కార్ల ఆయిల్ పోయకూడదు, అలాంటి క్లచ్‌ల కోసం ఉద్దేశించిన జపాన్ ప్రమాణం జాసో ఎంఏ ముద్ర ఉన్నదే పోయాలి.

ఆయిల్ మార్చాక ఫలితాన్ని కొలవడం కూడా ఎంపికలో భాగమే. ఒకసారి ఒకే మార్పు చేయాలి. గ్రేడ్, కంపెనీ, ఆయిల్‌కు కలిపే మందు, మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక, ప్రతి ఐదు వందల కిలోమీటర్లకు డిప్‌స్టిక్ చూసి మట్టాన్ని రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తగ్గడం వయసు మీద పడిన ఇంజిన్‌కు మామూలే, పోసుకుంటూ నడపవచ్చు. లీటరు దాకా వెళ్తే, పీసీవీ వాల్వ్ మార్చి, మూడు నాలుగు ఆయిల్ మార్పులు తక్కువ వ్యవధిలో చేసినా తగ్గకపోతే, సిలిండర్లలో కంప్రెషన్ పరీక్ష చేయించాలి. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా, రింగులో, సిలిండర్ లోపలి గోడ అయిన బోరో అరిగాయి. పెరగలేదా, లోపం వాల్వుల దగ్గర ఉంది. ఆ ఫలితం వచ్చాక మాట్లాడవలసింది ఆయిల్ దుకాణంతో కాదు, ఇంజిన్ విప్పి పనిచేసే మెకానిక్‌తో.